పాత కార్పెట్టు – పిల్లల ఉబ్బసం

“మందులన్నీ సరిగానే వాడుతున్నాం సిస్టర్, అయినా రాత్రిళ్లు దగ్గు తగ్గడం లేదు.” గోపన్‌పల్లి నుంచి వచ్చిన ఒక తల్లి మాతో అన్న మాట ఇది. ఆరేళ్ల బాబు పగలు బాగానే ఉంటాడు. తెల్లవారుజామున ఆయాసం, పిల్లికూతలు.

“ఎక్కడ పడుకుంటాడమ్మా?” అని అడిగితే సంగతి తెలిసింది. తండ్రి పనిచేసే ఆఫీసులో కార్పెట్టు మారుస్తుంటే, పాతది పారేయడమెందుకని ఇంటికి తెచ్చి గచ్చు మీద పరిచారు. మూడేళ్లుగా దాని మీదే పడక.

కార్పెట్టులో ఏముంటుంది?

మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని బతికే దుమ్ము పురుగులు ఉంటాయి. ఇవి కంటికి కనబడవు. వీటి మలం గాలిలో కలిసి ఊపిరిలోకి వెళితే, అది పడనివారికి ఉబ్బసం పెరుగుతుంది. గాలిలో తేమ ఉంటే ఇవి బాగా పెరుగుతాయి. వానాకాలంలో గచ్చు చెమ్మ తగిలితే కార్పెట్టు అడుగున బూజు కూడా పడుతుంది. పైపైన ఊడ్చితే ఇవి పోవు.

తీసేటప్పుడు జాగ్రత్తలు

1. ఉబ్బసం ఉన్నవారు ఈ పని చేయకూడదు. ఆ పూట వారిని వేరే ఇంట్లో ఉంచండి.
2. ముక్కుకు మాస్కు కట్టుకుని, కిటికీలు తెరవండి.
3. కార్పెట్టుపై కొద్దిగా నీళ్లు చల్లి, దుమ్ము లోపలికి పోయేలా చుట్టండి. ఇంట్లో దులపవద్దు.
4. దానిని కాల్చవద్దు. ఆ పొగ ఊపిరికి హాని. చెత్త బండికి ఇవ్వండి.
5. నేలను, గోడలను, ఫ్యాను రెక్కలను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

బదులుగా ఏం వేయాలి?

వట్టి నేల అన్నిటికంటే మంచిది. రోజూ తడిగుడ్డ పెట్టవచ్చు. చలిగా ఉంటే ఉతకడానికి వీలైన నూలు జంపఖానా చాలు. వరంగల్ జంపఖానాలు మనకు తెలిసినవే. ఏలూరు తివాచీలు ఎంత అందమైనవైనా ఉబ్బసం ఉన్నవారి పడకగదికి తగవు. కొత్త కార్పెట్టు వేసినా కొంతకాలానికి మళ్లీ అదే బాధ. ఇంట్లో వృద్ధులుంటే, పరిచిన దాని అంచులు లేచి కాలికి తట్టకుండా చూడండి.

గుర్తుంచుకోండి

కార్పెట్టు ఒక్కటే తీస్తే సరిపోదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. గుణం ఒక్కరోజులో కనబడదు. డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలరు మానవద్దు. ఆ తల్లి కార్పెట్టు తీసేశారు, మందులూ మానలేదు. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు, బాబు రాత్రిళ్లు లేవడం బాగా తగ్గిందని చెప్పారు.

బిడ్డ డొక్కలెగరేస్తున్నా, మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.