డ్యామ్ – బ్యారేజి: ఒక పదవిచారం

ఆంగ్లం నేర్చుకొను విద్యార్థికి కఠిన పదాలకంటె సమానార్థకాలుగా తోచే సులభ పదాలే ఎక్కువ చిక్కు కలిగిస్తాయి. 'డ్యామ్', 'బ్యారేజి' అట్టి జంట. తెలుగులో రెండింటినీ 'ఆనకట్ట' అనే అంటాము. ఉర్దూలోని 'బంద్' అను పారశీక పదమూ ఇట్లే విశాలార్థం కలది. అందువలన అనువాదంలో ఒకదానికి బదులు మరొకటి వ్రాయడం పరిపాటి అయినది.

'డ్యామ్' జర్మానిక్ భాషాకుటుంబానికి చెందిన పాత మాట. 'బ్యారేజి' ఫ్రెంచి నుండి వచ్చినది. అడ్డగించుట అను క్రియ దానికి మూలం. పుట్టుకలో దగ్గరివైనను, ఇంజనీర్ల వాడుకలో ఇవి వేరైనవి. నీటిని జలాశయంలో నిల్వచేయుటకు కట్టినది డ్యామ్. నదీమట్టాన్ని కొంత లేపి కాలువలకు మళ్ళించుటకు, వరదను దిగువకు వదలుటకు వరుసగా తలుపులు అమర్చినది బ్యారేజి.

ఉదాహరణలు మన కృష్ణపైనే ఉన్నవి. నాగార్జునసాగర్ డ్యామ్, దాని ప్రస్తుత నిల్వ సామర్థ్యం సుమారు 312 టీఎంసీలు. విజయవాడలో 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో 1957 నాటికి వెలసిన ప్రకాశం కట్టడం బ్యారేజి. దానికి 70 తలుపులు కలవు; నిల్వ సుమారు 3 టీఎంసీలే. అయినను డెల్టాలో 12 లక్షల ఎకరాలకు పైగా దాని కాలువల క్రింద సాగవుతున్నది.

ఈ భేదం నిఘంటువుకే పరిమితం కాదు. 2024 సెప్టెంబరు వరదలలో బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినది. 'ఆ నీటిని అక్కడే ఆపరాదా?' అని అడుగువారు బ్యారేజిని డ్యామ్‌గా భావించినవారే. లెక్క చూడండి: ఒక టీఎంసీ అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఆ ప్రవాహంలో 3 టీఎంసీలు చేరుటకు ముప్పావు గంట చాలు! వేసవిలోనూ అంతే, పైనున్న జలాశయాలు వట్టిపోతే, తలుపులు ఎంత బిగించినా డెల్టాకు నీరు రాదు.

'బ్యారేజి'కి మరొక అర్థమూ కలదు: ఎడతెగని ఫిరంగి కాల్పులు. దాని నుండియే 'ప్రశ్నల వర్షం' అను భావంలో ఆ పదాన్ని వాడుతారు. 'డ్యామ్'కు ఈ ప్రయోగం లేదు.

కావున విద్యార్థులు ఈ పదాలను వ్రాయునపుడు ఒక ప్రశ్న వేసుకొనవలెను: ఆ కట్టడం ముఖ్యంగా నీటిని దాచుటకా, మళ్ళించుటకా? దాచునది డ్యామ్, మళ్ళించునది బ్యారేజి.