నల్లరేగడి చేలలో పవర్ వీడర్ – ఇంజిన్ వాల్వుల పరీక్ష, సవరణ

భైంసా పరిసరాల నల్లరేగడి నేలలలో పత్తి, సోయాచిక్కుడు పైర్లకు అంతరకృషి చేయడానికి లభించే వ్యవధి స్వల్పం. వాన పడితే నేల బంకగా పట్టుకొంటుంది, ఆరితే గట్టిపడి బీటలు వారుతుంది. నడుమ పదును నిలిచే కొద్ది రోజులలోనే దంతె గాని పవర్ వీడర్ గాని తిరగాలి. సోయాచిక్కుడులో తొలి 30–45 రోజులు, పత్తిలో సుమారు 60 రోజుల వరకు కలుపు పోటీ తీవ్రం. ఆ దశలో వీడర్ మొరాయిస్తే నష్టం పంటకే తగులుతుంది. సస్యశాస్త్రజ్ఞుడు ఇంజిన్ గురించి వ్రాయడానికి కారణం ఇదే.

ఒక పత్తి రైతు వీడర్ ఉదయం ఒక్క లాగుకే అందుకొనేది. గంటన్నర నడిచి ఆగితే మాత్రం, చల్లారేవరకు ఎంత తాడు లాగినా పలికేది కాదు. స్పార్క్ ప్లగ్గు మార్చమని నేనే సలహా ఇచ్చాను. ఆ తరువాత కార్బురేటర్ కూడా మార్చారు, ఫలితం లేదు. చివరకు వాల్వు మూత విప్పి చూడగా ఎగ్జాస్టు వాల్వు వద్ద అతి పలుచని ఫీలర్ గేజి రేకు కూడా దూరలేదు. చల్లగా ఉన్నప్పుడు మొదలై, వేడెక్కాక మొరాయించే ఇంజిన్‌లో వాల్వును అనుమానించాలని నాకు అప్పుడు తెలిసింది.

వాల్వు, దాని పీఠం అరిగేకొద్దీ వాల్వు కాడ రాకర్ వైపునకు జరిగి ఖాళీ తగ్గుతుంది. వేడికి కాడ సాగినపుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, సంపీడనం జారిపోతుంది. ఎగ్జాస్టు వాల్వు తన వేడిని ప్రధానంగా పీఠం ద్వారానే వదులుకొంటుంది. పీఠానికి ఆనకపోతే దాని అంచు కాలిపోతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది. అంతేకాక, ప్రారంభ సమయంలో సంపీడనం తగ్గించే అమరిక ఎగ్జాస్టు వాల్వును ఎత్తేది అతి కొద్దిగానే. ఆ కొద్దిపాటి ఎత్తు ఖాళీలోనే కలిసిపోతే తాడు చేతిని వెనక్కు గుంజుతుంది. ఈ అమరిక ఉన్న ఇంజిన్లలో తాడు తేలికగా వచ్చినంత మాత్రాన సంపీడనం పోయిందని నిర్ణయించరాదు.

మూత విప్పేముందు పెట్రోలు, నూనె, గాలి వడపోత, నిప్పురవ్వ చూడాలి. దుమ్ము నేలల్లో సగం ఫిర్యాదులు వడపోత దగ్గరే తీరతాయని నా అభిప్రాయం.

సవరణకు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ప్లగ్గు తీగ తొలగించి, మూత చుట్టూ మట్టి తుడిచి విప్పాలి. ప్లగ్గు తీసి తాడును మెల్లగా లాగుతూ పిస్టన్‌ను సంపీడన దశలో పైకొనకు తేవాలి. అప్పుడు రెండు రాకర్లూ కొద్దిగా కదలాలి. పిస్టన్ పైకి వచ్చినా అవి వదులుగా లేకపోతే అది ఎగ్జాస్టు దశ చివర, మరొక పూర్తి చుట్టు తిప్పాలి. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కొన్ని ఇంజిన్లలో పైకొన దాటి సుమారు 6 మి.మీ. దించి కొలవమని తయారీదారు సూచిస్తారు.

హోండా జీఎక్స్ 160 తరహా ఇంజిన్లలో సాధారణంగా ఇన్‌టేక్‌కు 0.15 మి.మీ., ఎగ్జాస్టుకు 0.20 మి.మీ. ఖాళీ ఉంచుతారు. అయితే మోడలును బట్టి కొలత మారుతుంది కనుక ఆ యంత్రంతో వచ్చిన పుస్తకమే ప్రమాణం. లాక్ నట్టు వదులు చేసి, సవరణ నట్టును తిప్పుతూ రేకు స్వల్ప ఒరపిడితో జారేలా చేయాలి. సవరణ నట్టును కదలనీయక లాక్ నట్టు బిగించి తిరిగి కొలవాలి. బిగింపులో కొలత మారడం సర్వసాధారణం.

ఖాళీ సరిచేసినా సంపీడనం రాకపోతే వాల్వు కాలి ఉండవచ్చు. అప్పుడు హెడ్ విప్పి పీఠం నూరించడం మెకానిక్ పని. సరైతే, చిరగని గాస్కెట్‌తో మూత బిగించి, ఇంజిన్ వేడెక్కేవరకు నడిపి ఆపి, వెంటనే మళ్లీ తాడు లాగి చూడాలి.