పడవ మీద కోటిలింగాలకు

మా చదువుల కేంద్రం నుండి పన్నెండు మందిమి కోటిలింగాల చూడబోయినం. అవతలి ఒడ్డున పడవ ఎక్కినం. ఆ ఒడ్డు పాత ఆదిలాబాదు జిల్లా, ఈ ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలు మారాయి. ఇప్పుడు అటు మంచిర్యాల, ఇటు జగిత్యాల.

పడవ నది నడుమకు చేరింది. ఎటు చూసినా నీళ్లే. దిగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది కదా, ఆ నీళ్లు ఇక్కడిదాకా నిలిచాయి.

"పాత కోట ఏది సారూ?" అని ఒక అక్క అడిగింది.

పెద్దవాగు గోదావరిలో కలిసే మూలకు చెయ్యి చూపించాను. అక్కడి మట్టిదిబ్బలో కొంత భాగం మునిగింది. అది ఉత్త దిబ్బ కాదు. రెండు వేల ఏండ్ల కిందటి పట్నం. 1979 నుండి కొన్నేళ్లు పురావస్తు శాఖ వాళ్లు తవ్వారు. మట్టికోట, ఇటుక గోడలు బయటపడ్డాయి. నాణేలు దొరికాయి. నాణెం అంటే ఆనాటి పైసలు.

ఆ నాణేల మీద బ్రాహ్మీ అక్షరాలు ఉన్నాయి. మన తెలుగు అక్షరాలకు అవే మూలం. వాటిని చదివితే రాజుల పేర్లు తెలిశాయి. గోబద, నారన, కంవాయ, సమగోప. బిళ్ల మీద ఆ నాలుగు అక్షరాలు లేకుంటే వీళ్ల పేర్లు మనకు తెలిసేవి కావు. ఛిముక అనే పేరు కూడా ఉంది. పురాణాలు చెప్పే మొదటి శాతవాహన రాజు ఆయనే అని పండితులు అంటారు.

మాతో వచ్చిన అవ్వది అమ్మగారిల్లు ఆ పక్కనే. ఆమె అన్నది: "వాన వెలిసినంక పొలగాండ్లం దిబ్బ మీద బిళ్లలు ఏరుకునేటోళ్లం. తూకానికి అమ్మినం. గీతలున్నయనుకున్నం గని, అక్షరాలని మాకేమెరుక?"

అవ్వ తప్పు లేదు. చెప్పేవాళ్లు లేరు.

కృష్ణా నదిలో నాగార్జునకొండకు కూడా లాంచీలో పోతారు. సాగర్ నీళ్లు రాకముందే, 1954 నుండి 1960 దాకా, అక్కడి లోయను తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద మళ్లీ కట్టారు. ఆ కొండ ఇప్పుడు నీళ్ల నడుమ లంక. మ్యూజియం కూడా ఉంది. మన కోటిలింగాల దిబ్బను మాత్రం కొంతే తవ్వారు. నాకు ఇదే బాధ.

మీ చెలకలో నాగలికి పాత బిళ్ల తగిలిందా? చింతపండుతో తోమకండి, అక్షరం అరిగిపోతుంది. ఎక్కడ దొరికింది, ఎంత లోతున దొరికింది, కాగితం మీద రాయండి. భూమిలో దొరికిన పాత సొమ్ము సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, రసీదు అడగండి. సంతకం పెట్టే ముందు ఆ రసీదు మీరే చదవండి.