‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అంటే చెల్లుతుందా?

ప్రశ్న: పదో తరగతికి వచ్చిన మా అబ్బాయిని అరకు దగ్గర పది రోజుల సమ్మర్ క్యాంపుకు పంపాం. 18 వేలు ఒకేసారి కట్టించుకున్నారు. గదికి నలుగురే ఉంటారని, ఈత నేర్పుతామని, డాక్టరు అందుబాటులో ఉంటారని కరపత్రంలో వేశారు. తీరా చూస్తే ఒకే హాల్లో ముప్పై మంది. ఈత కొలను లేదు, డాక్టరూ లేడు. మూడో రోజు జ్వరంతో ఉన్నవాణ్ని మేమే వెళ్లి తెచ్చుకున్నాం. డబ్బు అడిగితే ‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని రసీదు మీదే ఉందంటున్నారు. ఏం జరిగినా తనదే పూచీ అని మావాడు సంతకం పెట్టిన కాగితం కూడా చూపిస్తున్నారు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందు ఆ సంతకం సంగతి. మీ అబ్బాయి మైనరు. 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. కాబట్టి ఆ కాగితాన్ని చూసి మీరు జంకనక్కర్లేదు. ఒకవేళ మీరే సంతకం పెట్టి ఉన్నా, తమ చేతిలో పెట్టిన పిల్లల విషయంలో నిర్లక్ష్యం చేసి నిర్వాహకులు చేతులు దులుపుకోలేరు. 2014లో హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన ఘటనలో, అక్కడి హైకోర్టు పరిహారం భారంలో కాలేజీకీ వాటా వేసింది.

ఇక ఫీజు. పిల్లవాడికి బెంగ పుట్టి మధ్యలో వచ్చేసి ఉంటే మీ వాదన బలహీనమే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీ విషయం అది కాదు. చెప్పింది ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సేవాలోపం అంటుంది. లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును రసీదులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే.

క్యాంపు పెట్టింది ప్రైవేటు సంస్థా, బడా? మీరు రాయలేదు కానీ కేసు చాలావరకు దీనిమీదే నిలబడుతుంది. ఉత్తరప్రదేశ్‌లో 2007లో ఒక బడి వెయ్యి రూపాయలు తీసుకుని నడిపిన వేసవి క్యాంపులో పిల్లవాడు ఈత కొలనులో చనిపోయాడు. తండ్రి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, చదువు చెప్పే సంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావంటూ ఫిర్యాదు కొట్టేశారు. ఈతలు, విహారయాత్రలు కూడా చదువులో భాగమేనని జాతీయ కమిషన్ 2020 జనవరిలో మరో కేసులో చెప్పింది. కోచింగ్ సెంటర్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదంది. ఆ తండ్రి అప్పీలును సుప్రీంకోర్టు 2021లో విచారణకు తీసుకుంది. డబ్బు తీసుకుని ఈత నేర్పడం చదువెలా అయిందో నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు. మీ క్యాంపు ప్రైవేటు సంస్థదైతే ఈ చిక్కు లేదు.

కరపత్రం, రసీదు, వాట్సాప్ సందేశాలు, హాలు ఫొటోలు, జ్వరానికి చూపించిన డాక్టరు చీటీ భద్రం చేయండి. 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలా సంస్థలు అక్కడే రాజీకి వస్తాయి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. క్యాంపు అరకులో జరిగినా మీరు ఉంటున్న గుంటూరులోనే వేయవచ్చు. 5 లక్షల లోపు సేవలకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. ఒక్క మెలకువ: ఫిర్యాదును ‘సేవాలోపం’ మీదే నడపండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అని మొదలుపెడితే అది రాష్ట్ర కమిషన్‌కు పోతుంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, వాయిదాలు అంతకు మించే నడుస్తాయి. ఆ ఓపికతో దిగండి.

వచ్చే వేసవికి మళ్లీ పంపాలనుకుంటే సొమ్ము రెండు విడతలుగా కడతామని అడగండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో మెయిల్‌లో రాయించుకోండి. డబ్బు ఎవరిదో సొంత ఫోన్ నంబరుకు వేయమంటే వద్దనండి, సంస్థ ఖాతాకే పంపండి. ఆడపిల్లను పంపుతుంటే రాత్రిపూట పిల్లల దగ్గర ఉండే మహిళా సిబ్బంది ఎవరో పేరుతో సహా అడగండి. ఎంత దూరం పంపినా రోజూ ఒకసారి బిడ్డతో నేరుగా మాట్లాడనివ్వని క్యాంపుకు అసలు పంపవద్దు.