విత్తనము కూడ ఊపిరి పీల్చును

వడ్లు చల్లిన మొలచును. బియ్యము చల్లిన మొలవవు. ఉప్పుడు బియ్యము కొరకు ఉడికించి ఆరబెట్టిన వడ్లు చూచుటకు మామూలు వడ్లవలెనే ఉండును గాని అవియు మొలవవు. ఈ మూడింటికి గల తేడా తెలిసికొన్న రైతు, తాను దాచుకొన్న విత్తనము ఎందుకు చెడునో కూడ తెలిసికొనగలడు. విత్తనము చెడిన సంగతి సాధారణముగా నారుమడిలోనే బయటపడును. అప్పటికి అదను దాటిపోవును. కావున గింజలో జరుగు పనులను గూర్చి ఈ పాఠములో తెలిసికొందము.

గింజలో ఏమున్నది?

వడ్లగింజ పొట్టు ఒలిచి చూడుడు. ఒక కొనయందు చిన్న తెల్లని చుక్కవంటి భాగము కనిపించును. అదే అంకురము. రేపటి వేరు, రేపటి ఆకు అందులోనే ముడుచుకొని ఉన్నవి. మిగిలిన భాగమంతయు దాని కొరకు తల్లిమొక్క కట్టి ఇచ్చిన చద్దిమూట. మరలో బియ్యమును తెల్లగా పట్టినపుడు తవుడుతోపాటు అంకురము కూడ పోవును. మూట మిగులును గాని తినువాడు ఉండడు. అందుచేత బియ్యము మొలవవు.

ఈ చద్దిమూట అన్ని గింజలలో ఒకే విధముగా ఉండదు. వరిలో ముఖ్యమైనది పిండిపదార్థము. వేరుశనగ పప్పులో నూటికి 45 నుండి 50 పాళ్లు నూనె, షుమారు 25 పాళ్లు మాంసకృత్తులు ఉండును. పిండిపదార్థమనగా గ్లూకోజు అను చక్కెర అణువులు వేలకొలది గొలుసువలె కూడినది. గొలుసుగా ఉన్నంతవరకు అది నీటిలో కరుగదు, తీపి ఉండదు, అంకురమునకు పనికిరాదు.

మొలక వచ్చుటెట్లు?

నానబెట్టిన గింజ నీరు పీల్చి ఉబ్బును. అంకురము నుండి జిబ్బరెల్లిను అను పదార్థము వెలువడి, పిండిని కప్పియున్న పలుచని పొరను చేరును. ఆ పొర ఎంజైములను తయారుచేయును. ఇవి మాంసకృత్తులే. కత్తెరవలె పనిచేసి పిండి గొలుసులను తెంచి చక్కెరగా మార్చును. 1833లో ఫ్రాన్సు దేశమున పాయెన్, పెర్సో అను శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీ నుండి ఇట్టి ఎంజైమును వేరుచేసిరి. మొలకరాగుల పిండితో కాచిన జావ పలుచబడి కొంచెము తియ్యగా ఉండుటకు కారణమిదే.

కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టును. చల్లార్చినను తిరిగి నీరు కాదు. గింజలోని మాంసకృత్తులు కూడ మితిమీరిన వేడికి ఇట్లే చెడిపోవును. ఉడికించిన వడ్లలో అంకురము ఉన్నను మొలవకపోవుట ఇందువలననే.

గింజ ఊపిరి

తెగిన చక్కెరలో కొంత భాగము కొత్త వేరును, ఆకును కట్టుటకు ఉపయోగపడును. మిగిలినది ప్రాణవాయువుతో కలిసి శక్తినిచ్చును. 180 గ్రాముల గ్లూకోజు 192 గ్రాముల ప్రాణవాయువుతో కలిసినపుడు 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 108 గ్రాముల నీరు వచ్చును. దానితోపాటు వేడి పుట్టును. మండె కట్టిన వడ్లలో చేయి పెట్టిన వెచ్చగా తగులునది ఈ వేడియే.

ధాన్యపు పాతర మూత తీసిన వెంటనే లోపలికి దిగరాదని పెద్దలు చెప్పుదురు. గింజలు, వాటిలోని పురుగులు, బూజు అన్నియు ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును వదలుటచే ఆ గాలి మనిషి ప్రాణమునే తీయగలదు.

ఎండిన విత్తనము చచ్చినది కాదు, నిద్రించుచున్నది. దాని శ్వాస మిక్కిలి నెమ్మదిగా సాగును. తేమ పెరిగిన కొలది శ్వాస హెచ్చును. పైన చెప్పినట్లు శ్వాసవలన నీరు, వేడి పుట్టును. ఆ నీరు బస్తాలోనే నిలిచి గింజను మరింత తడిపును. వేడి శ్వాసను ఇంకను హెచ్చించును. బూజు పట్టును. చద్దిమూట వృథాగా ఖర్చగును, చివరకు అంకురము చచ్చును. పచ్చి వడ్లను కుప్ప పోసినపుడు లోపల కాగిపోవుట ఈ విధముగనే.

ఎంతవరకు ఆరబెట్టవలెను?

అమెరికా శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ ఒక ఉజ్జాయింపు సూత్రము చెప్పెను. విత్తనములో తేమ 5 నుండి 14 శాతము మధ్య ఉన్నపుడు, ఒక్కొక్క శాతము తగ్గిన కొలది దాని ఆయువు రెట్టింపగును. 14 నుండి 12కు దించిన నాలుగు రెట్లగును. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణముల ప్రకారము వరి విత్తనములో తేమ 13 శాతమును, వేరుశనగలో 9 శాతమును మించరాదు. నూనె నీటిని పట్టి ఉంచదు. వేరుశనగలోని తేమ అంతయు మిగిలిన సగము పదార్థములోనే చేరును గనుక దానికి హద్దు తక్కువ.

20 శాతము తేమగల 100 కిలోల వడ్లను 12 శాతమునకు ఆరబెట్టిన షుమారు 91 కిలోలు మిగులును. పోయినది 9 కిలోల నీరు మాత్రమే. విత్తనము దక్కినది గాన తూకము తగ్గెనని విచారింపనక్కరలేదు.

తేమ చూచుటకు ఒక సులభమార్గము కలదు. పొడి గాజుసీసాలో కొన్ని వడ్లు, పొడి ఉప్పు వేసి మూతబెట్టి బాగుగా కుదుపవలెను. ఉప్పు సీసా గోడకు అంటుకొన్న తేమ 15 శాతమునకు పైగా ఉన్నట్లే. మరల ఆరబెట్టవలెను. అంటుకొననంత మాత్రమున 13 శాతమునకు దిగినదని అనుకొనరాదు. ఇంకొక ఎండ పెట్టుట మంచిది.

అయితే ఆరబెట్టుటలోను మితముండవలెను. విత్తనపు వడ్ల వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటరాదు. పలుచగా పోసి తరచు తిరగవేయవలెను. నడివేసవిలో మిట్టమధ్యాహ్నము సిమెంటు కళ్లముపై ఉంచరాదు. వేసవిలో తీసిన వేరుశనగను నీడలోనే ఆరబెట్టి, కాయలుగనే నిలువచేసి, విత్తుటకు ముందు వలుచుకొనవలెను.

బాగుగా ఎండిన విత్తనమును మాత్రమే గాలి చొరని డబ్బాలో పెట్టవలెను. తేమ విత్తనమును అట్లు మూసిన త్వరగా చెడును. బస్తాలను నేలమీద గాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను.

మొలక పరీక్ష

బస్తా పైన, నడుమ, అడుగు నుండి గింజలు తీసి కలిపి, ఏరకుండ 100 లెక్కింపవలెను. తడిగుడ్డలో వరుసగా పరచి చుట్టి, గుడ్డ ఆరిపోకుండ నీడలో ఉంచవలెను. వరికి 14 దినముల వరకు, వేరుశనగకు 10 దినముల వరకు చూచి, వేరు, మొలక రెండును చక్కగా ఉన్నవానినే లెక్కింపవలెను. వరిలో 80, వేరుశనగలో 70కి తగ్గరాదు. కొన్ని వరి రకములు కోసిన కొత్తలో నిద్రావస్థలో ఉండుటచే తక్కువగా మొలచును. వాటిని కొన్ని వారముల తరువాత మరల పరీక్షింపవలెను.

80 మొలచు వడ్లు 20 కిలోలు చాలునని అనుకొన్నచో, 60 మాత్రమే మొలచునపుడు షుమారు 27 కిలోలు కావలెను. అంత పోసినను, ముసలి విత్తనపు నారు బలహీనముగనే ఉండును. మార్చుకొనుటయే మేలు. నారు పోయుటకు మూడు వారముల ముందే ఈ పరీక్ష చేసికొన్న రైతుకు అందులకు వ్యవధి దొరకును.