పిల్లలతో కలిసి ఇంట్లోనే తైద బిస్కెట్లు



సాయంత్రం నాలుగు గంటలకు పిల్లల వార్డులో ఒకసారి తిరిగి చూస్తే, దాదాపు ప్రతి మంచం ప్రక్కన ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, రెండు గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్లు కనిపిస్తాయి. చూడవచ్చిన బంధువులు ప్రేమతో తెచ్చినవే. వట్టి చేతులతో రావడం మన పద్ధతి కాదు. మేము కూడా ఎవరినైనా పరామర్శించడానికి వెళ్తే పోచమ్మమైదాన్ దగ్గర ఆగి అవే కొనుక్కొని వెళ్తాము. కాబట్టి ఈ పాఠంలో బిస్కెట్లను తిట్టబోవడం లేదు. వాటిని పిల్లలతో కలిసి ఇంట్లో ఎలా చేసుకోవచ్చో చెప్పబోతున్నాము. అయితే ముందుగా ఒక పాప గురించి చెప్పాలి.

మూడేళ్ళ పాప. నాయనమ్మ చంకన ఎత్తుకొని ఓ.పి.కి తీసుకొచ్చింది. తల్లి బీడీలు చేస్తుంది, తండ్రి మార్కెట్లో హమాలీ. పాప కనురెప్ప క్రింద, నాలుక మీద, అరచేతుల్లో ఎర్రదనమే లేదు. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఏమి తింటుందని అడిగితే ఆ పెద్దమ్మ, "అన్నం ముడ్తలేదు సిస్టరమ్మా. పొద్దుగాల చాయ్‌ల బిస్కెట్, మాపటీలి చాయ్‌ల బిస్కెట్. అదన్న తింటున్నదని సంతోషపడ్తున్నం" అన్నది. ఆమె తప్పేమీ లేదు. ఏడ్చే బిడ్డకు ఏది తింటే అది పెట్టింది.

ఇటువంటి పిల్లలు ఒకరిద్దరు కారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుండి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. చాయ్, బిస్కెట్ కలిసి చేసే హాని రెండు విధాలు. బిస్కెట్‌లోని మైదా, చక్కెర చిన్న కడుపును నింపేసి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డుకు చోటు లేకుండా చేస్తాయి. చాయ్‌లో ఉండే టానిన్లు, తిన్న కొద్దిపాటి ఆహారంలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. అందుకే చిన్నపిల్లలకు చాయ్ అసలు వద్దు అంటాము. పెద్దవారు కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ మానుకుంటే మంచిది.

ఆ పాపకు ఐరన్ సిరప్ రాశారు, నులిపురుగుల మందు ఇచ్చారు, చాయ్ మాన్పించారు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 10.2. కాని నాయనమ్మ చివరగా ఒక మాట అడిగింది. "చాయ్ ఇడిసింది గని బిస్కెట్ ఇడుస్తలేదు, ఏం జేయాలె?" ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే మొదట ఒక పని చెప్పండి. కొన్న బిస్కెట్ ప్యాకెట్టు వెనుక వైపు చదివించండి. దేని బరువు ఎక్కువో దాని పేరు ముందు రాయాలన్నది నియమం. మైదా, చక్కెర, పామాయిల్ అని వరుసగా ఉంటే అందులో ఏమున్నదో పిల్లలే చెప్తారు. మామూలు గ్లూకోజ్ బిస్కెట్లలో చాలావాటిలో 100 గ్రాములకు 25 గ్రాముల చుట్టూ చక్కెర ఉంటుంది. అంటే పావు వంతు! వనస్పతి వంటి నూనెల్లో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకు చెడ్డది. నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతానికి మించరాదని మన దేశంలో 2022 జనవరి నుండి నియమం వచ్చింది. ప్యాకెట్టు మీద ఆ అంకె కూడా వెతకమనండి.

ఇక వంటకు వద్దాము. ఓవెన్ లేదని దిగులు వద్దు. మరమరాలు వేయించేవారు వేడి ఇసుక వాడుతారు కదా, ఇదీ అలాంటిదే.

కావలసినవి: తైద పిండి (కొందరు రాగి పిండి అంటారు) 1 కప్పు, గోధుమ పిండి 1 కప్పు, వేయించి పొట్టు తీసిన పల్లీల పొడి పావు కప్పు, నువ్వులు 2 చెంచాలు, బెల్లం తురుము ముప్పావు కప్పు, నెయ్యి అర కప్పు పైన రెండు చెంచాలు, బేకింగ్ పౌడర్ అర చెంచా, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు, కలపడానికి కొద్దిగా కాచి చల్లార్చిన పాలు. అన్నీ బీట్ బజార్‌లో ఒకే వీధిలో దొరుకుతాయి. తైదలు కొని మర పట్టించుకుంటే ఇంకా చవక.

తైద పిండిని సన్నని మంట మీద పచ్చివాసన పోయేవరకు వేయించి చల్లారనివ్వండి. ఇది పెద్దల పని. తర్వాతది పిల్లల పని. సబ్బుతో చేతులు కడిగించి, గోళ్ళు చూసి, చాప మీద కూర్చోబెట్టండి. బెల్లంలో ఉండలు లేకుండా నలపడం, అందులో నెయ్యి కలపడం, కప్పులు లెక్కపెట్టి పిండి పోయడం నాలుగేళ్ళ పిల్లలు కూడా చేస్తారు. పాలు మాత్రం చెంచాతోనే పోయించండి. గిన్నె ఎత్తి పోస్తే పని జావ అవుతుంది. పిండి చపాతీ ముద్దలా సాగకూడదు, పిడికిలితో నొక్కితే నిలవాలి, అంతే. పావుగంట మూతపెట్టి ఉంచండి. పచ్చిపిండి నోట్లో పెట్టుకోకుండా చూడండి. పచ్చిపిండిలో కూడా రోగక్రిములుంటాయి.

నిమ్మకాయ కంటే చిన్న ఉండలు చేసి అదిమితే సుమారు 30 బిస్కెట్లు వస్తాయి. అసలు సరదా ఇక్కడే. కొత్త దువ్వెన మీద అదిమితే గవ్వల గీతలు పడతాయి. సీసా మూతతో గుండ్రాలు కోయవచ్చు. తమ పేరులోని మొదటి అక్షరం చేయమనండి. క్రిందటి క్రిస్మస్ ముందు సండే స్కూల్ పిల్లలతో చేయించినప్పుడు నక్షత్రాలు చేయమంటే ఒక బాబు సకినం చుట్టాడు. ఒక పాప గొర్రె చేశానన్నది. మాకు అది ఆలుగడ్డలా కనిపించింది, కాని ఒప్పుకోక తప్పలేదు. పాస్టరమ్మగారు ఆ రోజు 1 రాజులు 17వ అధ్యాయంలోని సారెపతు విధవరాలి కథ చెప్పారు. పిడికెడు పిండి, కొంచెం నూనె అంటే ఎంతో, చేతికి పిండి అంటుకున్న పిల్లలకు వేరే వివరించనక్కర లేకపోయింది.

కాల్చడం పూర్తిగా పెద్దల పనే. పాత మందపాటి గంజులో రెండు కప్పుల దొడ్డుప్పు లేదా శుభ్రమైన ఇసుక పరచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిముషాలు వేడి చేయండి. నెయ్యి రాసిన పళ్ళెంలో బిస్కెట్లను ఎడంగా పేర్చి లోపల పెట్టి, మూత మూసి, సన్నని సెగ మీద 20 నుండి 25 నిముషాలు ఉంచండి. కొందరు ప్రెషర్ కుక్కర్ వాడుతారు. మేము వద్దంటాము. రబ్బరు, విజిల్ తీయడం మరచిపోతే ప్రమాదం, పైగా నీళ్ళు లేకుండా కాలి మంచి కుక్కరు పాడవుతుంది. తీసినప్పుడు బిస్కెట్లు మెత్తగా ఉంటే ఉడకలేదని మళ్ళీ పెట్టకండి. చల్లారితే గట్టిపడతాయి. మా మొదటి వాయి అలాగే మాడిపోయింది. పిల్లలు అవి కూడా వదల్లేదు.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా చదవండి. మన ఇళ్ళలో చాలామంది పొయ్యి నేలమీదే పెట్టుకుంటారు. ఆ ఉప్పు, ఇసుక మంట ఆపిన గంట తర్వాత కూడా చేయి కాల్చేంత వేడిగా ఉంటాయి. పొయ్యి చుట్టూ మూడడుగుల మేర సుద్దముక్కతో గీత గీసి, గీత దాటినవారికి బిస్కెట్ లేదని చెప్పండి. ఈ ఆట బాగా పనిచేస్తుంది. నైలాన్ గౌన్లు, వేలాడే చున్నీలు వద్దు. ఒకవేళ కాలితే వెంటనే ధారగా పడే మామూలు నీళ్ళ క్రింద 20 నిముషాలు ఉంచండి. గడియారం చూసి లెక్కపెట్టండి, ఎందుకంటే ఏడ్చే బిడ్డతో రెండు నిముషాలే ఇరవై అనిపిస్తాయి. ఐసు పెట్టవద్దు. టూత్ పేస్టు, ఇంకు, పసుపు, కోడిగుడ్డు సొన పూయవద్దు. వాటిని గాయం మీద నుండి కడిగి తీయడం బిడ్డకు కాలినదానికంటే ఎక్కువ బాధ, పుండు కూడా చీము పడుతుంది. బొబ్బలు చిదపకుండా, శుభ్రమైన తడి గుడ్డ కప్పి తీసుకురండి. ముఖం, చేతులు, కీళ్ళు, మర్మస్థానాలు కాలినా, బిడ్డ అరచేయి కంటే పెద్ద గాయమైనా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

ఈ బిస్కెట్లు మందు అని ఎవరూ అనుకోకూడదు. తైదల్లో కాల్షియం చాలా ఎక్కువ, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైనే. కాని పిల్లలు తినేది 100 గ్రాముల తైదలు కాదు, రెండు చిన్న బిస్కెట్లు. వాటిలో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా రాదు. ఐరన్ సిరప్ ఆపకండి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించకండి. బెల్లం కూడా చక్కెరే. ఒక్కొక్క బిస్కెట్‌లో సుమారు 4 గ్రాములు ఉంటుంది, కాబట్టి షుగరు ఉన్న తాతయ్యలకు ఇవి "బెల్లంవే కదా" అని పెట్టవద్దు. ఏడాది నిండని పిల్లలకు వద్దు. అయిదేళ్ళ లోపు వారికి పల్లీలు పొడిగానే వేయాలి, పలుకు గొంతులో ఇరుక్కుంటే ప్రాణాపాయం. పల్లీలు పడని పిల్లలుంటే వాటి బదులు పుట్నాల పొడి వేయండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంతో చేయవచ్చా అని కొందరు తల్లులు అడిగారు. అది మూడేళ్ళ లోపు బిడ్డ వాటా. ఇంటిల్లిపాదికి బిస్కెట్లు చేస్తే బిడ్డకు మిగలదు.

పూర్తిగా చల్లారాక మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెడితే వారం పది రోజులుంటాయి. అన్నం తిన్న తర్వాత రోజుకు రెండు, ఒక జామకాయ ముక్కతో ఇవ్వండి, చాయ్‌తో కాదు. ఈసారి వార్డుకు ఎవరినైనా చూడవస్తే నాలుగు ఆ డబ్బాలోవి తీసుకురండి. పేషెంటుకు షుగరు ఉందో లేదో మాత్రం ముందుగా డ్యూటీ సిస్టరును అడగండి.