ఎమ్మెల్యే జీవిత చరిత్ర రాయబోతున్నాం: ఆధారాలు ఎక్కడ, ఎలా వెతకాలి?

తెలుగు వికీపీడియాలో మీ నియోజకవర్గం ఎమ్మెల్యే గురించి ఒక పేజీ రాయాలనుకున్నారు. మంచి ఆలోచన. ఓటరు, విలేకరి, పోటీ పరీక్షలకు చదివే కుర్రాడు, అందరూ ఫోన్‌లో పేరు కొట్టి చూసేది అలాంటి పేజీనే. అందుకే ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయాలి. బతికి ఉన్న మనిషి మీద రాసే తప్పుడు వాక్యం ఆయన పరువునీ దెబ్బతీస్తుంది, చదివినవాళ్ల ఓటునీ పక్కదారి పట్టిస్తుంది.

2005 మే నెలలో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ పేరిట ఇంగ్లిష్ వికీపీడియాలో ఎవరో ఒక పేజీ పెట్టారు. కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన మీద అనుమానాలు ఉండేవని అందులో రాశారు. పచ్చి అబద్ధం. నిజానికి ఆయన రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసిన మనిషి. ఆ రాత నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. జీవించి ఉన్న వ్యక్తుల గురించి వికీపీడియాలో ఇప్పుడున్న కఠినమైన నియమాలు ఆ ఏడాది చివర రూపు కట్టాయి. ఆధారం లేని వివాదాస్పద సమాచారాన్ని చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసేయాలన్నది వాటిలో ముఖ్యమైనది.

పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న మనసులో పెట్టుకుందాం: ఈ సంగతి ఎవరు, ఎప్పుడు, సంతకం పెట్టి చెప్పారు? ప్రతి వాక్యాన్నీ ఈ ప్రశ్న అడుగుతూ వెళ్తే సగం తప్పులు దగ్గరికే రావు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక నోటుపుస్తకం, లేదా కంప్యూటర్లో ఒక పట్టిక. అందులో నాలుగు గడులు చాలు: విషయం, దొరికిన చోటు, ఆ కాగితం మీది తేదీ, మనం చూసిన తేదీ. నాలుగో గడి ఎందుకని వదిలేయకండి. ఈ-పేపర్ లంకెలు కొన్నాళ్లకు పనిచేయవు. అప్పుడు ఆ తేదీయే మనకు సాక్ష్యం.

వికీపీడియాలో ఖాతా తెరిచి, మీ పేరు మీద ఒక ప్రయోగశాల పేజీ పెట్టుకోండి. మొదటి చిత్తుప్రతి అక్కడే రాద్దాం. బ్రౌజర్లో తెరిచి ఉంచాల్సినవి: ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్, ఎన్నికల సంఘం ఫలితాలు, గణాంక నివేదికలు, మీ రాష్ట్ర శాసనసభ వెబ్‌సైటు (ఎంపీ అయితే సంసద్ పోర్టల్), రెండు మూడు దినపత్రికలు, పాత పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్.

పద్ధతి

1. ముందు మనిషిని ఖాయం చేసుకుందాం. మన దగ్గర ఒకే పేరున్న నాయకులకు కొదవ లేదు. ఓట్లు చీల్చడానికి అదే పేరుతో ఇండిపెండెంట్‌ను నిలబెట్టడమూ ఉంది. ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, నియోజకవర్గం, పార్టీ, ఎన్నికల సంవత్సరం, ఈ అయిదూ పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఇకపై ఏ కాగితం దొరికినా వీటితో సరిపోల్చాకే వాడాలి. ఇంగ్లిష్‌లో పేరును నాలుగు రకాలుగా రాసి ఉండొచ్చు. ఇంటిపేరు ముందూ వెనకా మార్చి కూడా వెతకండి.

2. అఫిడవిట్ తెరుద్దాం. ఇక్కడ తొందర వద్దు, ఓ సాయంత్రమంతా పట్టినా నష్టం లేదు. సుప్రీంకోర్టు 2002లో, మళ్లీ 2003లో ఇచ్చిన తీర్పుల వల్ల నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. ఆ కాగితమే ఫారం-26. నోటరీ లేదా మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేస్తారు, ప్రతి పేజీ మీదా సంతకం ఉంటుంది. అబద్ధం చెబితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మన ప్రశ్నకు ఇంతకన్నా సూటిగా జవాబిచ్చే కాగితం మరొకటి దొరకదు.

ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్లు వేయొచ్చు. అందుకే పోర్టల్లో ఒకే పేరు కింద రెండు మూడు అఫిడవిట్లు కనిపిస్తాయి. అన్నిటినీ దించుకుని తేదీలు చూడండి, చివరిది వాడండి. మైనేతా సైటులో ఇదే సమాచారం చక్కగా పట్టికలుగా దొరుకుతుంది. వెతకడానికి అది మంచిదే. అంకెలు మాత్రం స్కాన్ చేసిన అసలు కాగితంలో చూసుకోవాలి. చేతిరాత అఫిడవిట్లలో 1కీ 7కీ తేడా పోల్చుకోలేక జరిగే పొరపాట్లు ఎక్కువ.

ఆస్తుల పట్టికలో అభ్యర్థికి, జీవిత భాగస్వామికి, ఆధారపడిన వాళ్లకు వేరువేరు గడులు ఉంటాయి. అభ్యర్థి పేరున కోటీ 20 లక్షలు, భార్య పేరున 3 కోట్లు, అప్పులు 80 లక్షలు ఉన్నాయనుకోండి. అన్నీ కలిపి "4.2 కోట్ల ఆస్తిపరుడు" అని రాసేస్తారు. మనం అలా రాయం. మూడూ విడివిడిగా, ఏ సంవత్సరపు అఫిడవిట్టో చెప్పి రాస్తాం. "కోట్లకు పడగలెత్తారు" లాంటి మాట ఎంత నోరూరించినా దాని జోలికి పోవద్దు.

ఇంకో సంగతి. ఫారం-26లో వయసు ఉంటుంది, పుట్టిన తేదీ ఉండదు. 2024 ఏప్రిల్లో 52 ఏళ్లని ఉంటే ఆయన 1971లోనైనా పుట్టి ఉండొచ్చు, 1972లోనైనా. వయసును తీసేసి వచ్చిన సంవత్సరాన్ని జన్మ సంవత్సరంగా రాయకండి. పుట్టిన తేదీ శాసనసభ సభ్యుల వివరాల్లో దొరికితే రాద్దాం, లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది.

ఫోను నంబరు, ఈ-మెయిల్, ఇంటి చిరునామా కూడా ఆ కాగితంలో కనిపిస్తాయి. అవి పేజీలోకి ఎక్కకూడదు. పిల్లల పేర్లూ అంతే, వాళ్లు స్వయంగా రాజకీయాల్లో ఉంటే తప్ప.

3. గెలుపోటములు రాసుకుందాం. ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచీ లెక్కలున్నాయి. పోటీ చేసిన ప్రతిసారీ ఒక వరుస: సంవత్సరం, నియోజకవర్గం, పార్టీ, వచ్చిన ఓట్లు, మెజారిటీ, ఫలితం. ఓడిన ఎన్నికలనూ రాయాలి. అభిమానులు రాసే పేజీల్లో మాయమయ్యేవి అవే. కుప్పం అనగానే నారా చంద్రబాబు నాయుడు గుర్తొస్తారు. కానీ ఆయన తొలి గెలుపు 1978లో చంద్రగిరిలో, కాంగ్రెస్ (ఐ) అభ్యర్థిగా. 1983లో అక్కడే ఓడిపోయారు. కుప్పం నుంచి గెలవడం మొదలైంది 1989లో. జ్ఞాపకం మీద ఆధారపడితే ఇలాంటివన్నీ జారిపోతాయి.

మెజారిటీ అంకెను లెక్కింపు రోజు సాయంత్రం వార్తల నుంచి తీసుకోకండి. పోస్టల్ ఓట్లు, చివరి రౌండు కలిశాక అది మారుతుంది.

4. రాష్ట్రం, జిల్లా, పార్టీ పేర్లను కాలానికి తగ్గట్టు సరిచూద్దాం. తెలుగు రాష్ట్రాల నాయకుల పేజీల్లో నేను ఎక్కువగా దిద్దేది ఇదే. రేవంత్ రెడ్డి ఎన్నికల చరిత్రను పక్కన పెట్టుకుని చూద్దాం. 2009లో కొడంగల్ నుంచి తెలుగుదేశం తరఫున గెలిచి ఆయన వెళ్లింది ఆంధ్రప్రదేశ్ శాసనసభకు. 2014లో అక్కడ పోలింగ్ ఏప్రిల్ 30న, ఫలితాలు మే 16న, తెలంగాణ ఏర్పడింది జూన్ 2న. అంటే ఓట్లు పడింది ఉమ్మడి రాష్ట్రంలో, కూర్చున్నది తెలంగాణ సభలో. 2018లో కాంగ్రెస్ అభ్యర్థిగా అదే కొడంగల్లో ఓడిపోయి, 2019లో మల్కాజ్‌గిరి ఎంపీగా గెలిచారు. 2023లో రెండు చోట్ల పోటీ చేసి కొడంగల్లో గెలిచారు, కామారెడ్డిలో ఓడారు. "కొడంగల్ నుంచి వరుసగా గెలుస్తూ వచ్చారు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎన్ని తప్పులవుతాయో చూడండి.

జిల్లాలదీ ఇదే గొడవ. 2016 అక్టోబరు 11న తెలంగాణలో, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. 1960లో పుట్టిన మనిషి జగిత్యాల జిల్లాలో పుట్టలేదు, అప్పటికి అది కరీంనగర్ జిల్లా. "అప్పటి కరీంనగర్ (ఇప్పటి జగిత్యాల) జిల్లా" అని రాస్తే పాత కాగితాలు చూసేవాళ్లకూ కొత్తవాళ్లకూ ఇబ్బంది ఉండదు. తెలంగాణ రాష్ట్ర సమితి భారత రాష్ట్ర సమితిగా మారింది 2022 చివర్లో. 2018లో గెలిచిన వాళ్ల పక్కన పాత పేరే ఉండాలి. 2008 పునర్విభజనలో మాయమైన నియోజకవర్గాలు, పుట్టినవి కూడా ఉన్నాయి, అవీ ఒకసారి చూసుకోండి.

5. పదవుల తేదీలు. ఫలితం వచ్చిన రోజు వేరు, ప్రమాణం చేసిన రోజు వేరు, శాఖ కేటాయించిన రోజు వేరు. 2023లో తెలంగాణ ఫలితాలు డిసెంబరు 3న వచ్చాయి, ముఖ్యమంత్రి ప్రమాణం 7న జరిగింది. మంత్రుల శాఖలకు ప్రభుత్వ ఉత్తర్వులు, గెజిట్ చూడాలి. ఎంపీల హాజరు, ప్రశ్నల లెక్కలు పీఆర్ఎస్ సంస్థ ఇస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయనక్కర్లేదు. వాళ్ల హాజరు కనిపించలేదని సభకు రాలేదని రాయకూడదు.

శాసనసభ, సంసద్ సైట్లలోని జీవిత వివరాలు ఆ సభ్యులే ఇచ్చినవి. చదువుకు, వృత్తికి వాడొచ్చు. "సమాజ సేవలో నిరంతరం" లాంటి మాటలు అక్కడే వదిలేయాలి.

6. పత్రికల దగ్గరికి ఇప్పుడు వెళ్దాం. ముందే వెళ్తే ఆ కథనం మన తలలో తిష్ఠ వేస్తుంది. తర్వాత చూసే కాగితాలన్నీ దాని కళ్లతోనే కనిపిస్తాయి. మన దగ్గర ఏ పత్రిక, ఏ ఛానెల్ ఏ పార్టీకి దగ్గరో పాఠకులకు తెలిసిందే. అందుకని వాటిని మానేయక్కర్లేదు. వివాదం లేని సంగతికి ఒక పత్రిక చాలు. వివాదమున్న సంగతికి ఎదురెదురు పక్షాలకు దగ్గరగా ఉన్న రెండు పత్రికలు ఒప్పుకున్నంత మేరకే రాయండి. మిగతాది ఎవరి ఆరోపణో చెప్పి రాయాలి, నాయకుడి జవాబు ఉంటే పక్కనే పెట్టాలి.

జిల్లా ఎడిషన్లో పుట్టినరోజున వచ్చే నిండు పేజీ చూసి మోసపోకండి. కింద అనుచరుల ఫొటోలు వరుసగా ఉంటే అది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన. ఆ పేజీలోని "పేదల పెన్నిధి", "అభివృద్ధి ప్రదాత" ఎలాగూ పనికిరావు. అందులోని తేదీలను కూడా వేరే చోట సరిచూడకుండా తీసుకోవద్దు.

7. కేసులు. చేతులు వణకాల్సిన చోటు ఇదే. కేసు నమోదైంది, ఛార్జిషీటు వేశారు, అభియోగాలు ఖరారయ్యాయి, దోషిగా తేలారు, పైకోర్టు కొట్టేసింది: ఇవి వేరువేరు మెట్లు. కాగితం ఏ మెట్టు మీద ఉందో మన వాక్యమూ ఆ మెట్టు మీదే ఉండాలి. "నిందితుడు" అన్నచోట "దోషి" పడితే అది పరువునష్టం. అంకె ఒక్కటే చెప్పడమూ అన్యాయమే. తెలంగాణ ఉద్యమంలో రాస్తారోకో, రైలు రోకో చేసినందుకు పడిన కేసులు ఎందరో నాయకుల అఫిడవిట్లలో వరుసగా కనిపిస్తాయి. "ఇరవై కేసులున్నాయి" అని ఆపేస్తే చదివేవాడు ఇంకేదో ఊహించుకుంటాడు.

ఈ-కోర్ట్స్ సైటులో కేసు ఎంతవరకు వచ్చిందో చూడొచ్చు. అది మన అవగాహన కోసం. కోర్టు రికార్డు చదివి మనమే ఒక నిర్ణయానికి వచ్చి రాయడాన్ని వికీపీడియా ఒప్పుకోదు. నమ్మదగిన పత్రికలు రాసిన కేసులనే పేజీలో పెట్టాలి.

8. రాసి, మూలం తగిలించి, దాచుదాం. వాక్యం రాసిన వెంటనే దాని మూలం ఇవ్వండి, చివర్లో ఒకేసారి ఇద్దామనుకుంటే ఏది దేనిదో కలిసిపోతుంది. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ సంఖ్య రాయండి. లంకెను వేబ్యాక్ మెషిన్లో భద్రపరిచి ఆ లంకె కూడా జోడించండి. "గారు", "శ్రీ" అక్కర్లేదు, "ఆయన", "ఆమె", "గెలిచారు" అంటే గౌరవం సరిపోతుంది.

తరచూ దొర్లే తప్పులు

మన పేజీ నుంచే ఎత్తిరాసిన వెబ్‌సైటును మళ్లీ మన పేజీకి మూలంగా ఇచ్చేయడం చాలా మామూలుగా జరుగుతుంది. వార్త తేదీ చూడండి, పేజీ చరితంలో ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడండి. వాక్యమే ముందు పుట్టి ఉంటే ఆ వార్త పనికిరాదు. చాట్‌బాట్ చెప్పిన జవాబుదీ ఇదే పరిస్థితి, దాని వెనక సంతకం ఉండదు.

"ప్రస్తుతం మంత్రిగా ఉన్నారు" అని రాయడం మరో పొరపాటు. మంత్రివర్గం మారిన మర్నాడే అది తప్పవుతుంది. "2024 జూన్ నుంచి" అని తేదీతో రాస్తే ఎప్పటికీ చెల్లుతుంది.

కులం, ఆరోగ్యం, కుటుంబ తగాదాలు అందరికీ తెలిసినవే కదా అని చేర్చేస్తుంటారు. ఆయనే బహిరంగంగా చెప్పి ఉండాలి, లేదా ప్రజా జీవితంతో నేరుగా ముడిపడి పత్రికల్లో గట్టిగా నమోదై ఉండాలి. రెండూ కాకపోతే ఆ వాక్యం రాయకండి.

మీరు ఆ నాయకుడి పార్టీ కార్యకర్త అయినా, బంధువు అయినా, ఆఫీసులో పనిచేస్తున్నా ఆ పేజీని నేరుగా మార్చకండి. చర్చ పేజీలో మీ సంబంధం చెప్పి, ఆధారం పెట్టి, మార్పు చేయమని అడగండి. ప్రత్యర్థి పార్టీవాళ్లకూ ఇదే పద్ధతి.

పేజీ ప్రచురించాక దాన్ని మీ వీక్షణ జాబితాలో చేర్చుకోండి. నామినేషన్ల రోజుల్లో రోజుకోసారైనా తెరిచి చూడండి. మూలం లేని తిట్టు కనిపించినా, మూలం లేని పొగడ్త కనిపించినా తీసేసి, ఎందుకు తీశారో సవరణ సారాంశంలో ఒక ముక్క రాయండి. అదే మళ్లీ మళ్లీ వచ్చి పడుతుంటే ఒంటరిగా పోట్లాడకుండా నిర్వాహకులకు చెప్పండి. పేజీకి కొన్నాళ్లు సంరక్షణ పెట్టే వీలు వాళ్లకు ఉంటుంది.